షేర్ ‘బిలీవ్’ ఆల్బమ్: ఆ గొంతు మెట్లెలా ఎక్కింది (కేస్ స్టడీ)

‘బిలీవ్’ పాట మొదటి చరణంలో ‘కాంట్ బ్రేక్ త్రూ’ అన్న మూడు మాటల దగ్గర అమెరికా గాయని షేర్ గొంతు జారకుండా గెంతుతుంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లేటప్పుడు మనిషి గొంతు ఎవరిదైనా కొంచెం జారుతుంది. ఇక్కడ ఆ జారుడు మొత్తం మెట్లుగా తెగింది. ఆ తర్వాత రెండు మాటలకే గొంతు మళ్లీ మామూలుగా మారిపోతుంది. పాతికేళ్లు దాటినా స్టూడియోలో ‘ఆ షేర్ ఎఫెక్ట్ పెట్టండి’ అని అడిగేవాళ్లు ఉన్నారు. అడిగినప్పుడల్లా జరిగే పని ఒకటే: గాత్రం ట్రాక్ మొత్తానికి ఆటో-ట్యూన్ (శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్) వేయడం, శ్రుతిని ఎంత త్వరగా లాగాలో చెప్పే రీట్యూన్ స్పీడ్ సున్నాకి తిప్పడం. ఫలితం బొమ్మ మాట్లాడినట్టు ఉంటుంది, షేర్‌లా ఉండదు. ఎందుకుండదో తెలియాలంటే ఆ సెషన్ ఎలా సాగిందో, ఆ గొంతు ఎలాంటిదో, అప్పుడు ఆమె ఏ మలుపులో ఉందో మూడూ కలిపి చూడాలి.

అప్పటికి ఆమె ఎక్కడుంది

1946లో పుట్టిన షేర్‌కి ‘బిలీవ్’ వచ్చేనాటికి 52 ఏళ్లు. 1965లో సానీ బోనోతో కలిసి పాడిన పాటతో నంబర్ వన్ చూసింది. 1971, 1973, 1974లో ఒంటరిగా మూడుసార్లు అమెరికా చార్టు పైకెక్కింది. 1979లో కాసాబ్లాంకా సంస్థకు డిస్కో కూడా పాడింది. ఆ ఏడాది ‘టేక్ మీ హోమ్’ ఎనిమిదో స్థానం దాకా వెళ్లింది. సినిమాల్లోకి వెళ్లి ఆస్కార్ తెచ్చుకుంది. 1987 నుంచి 1991 వరకు గెఫెన్ సంస్థకు చేసిన మూడు ఆల్బమ్‌లలో గిటార్లు గట్టిగా మోగే పాప్ రాక్ పాడి, స్టేడియం గాయని అనిపించుకుంది.

ఆ తర్వాత జోరు తగ్గింది. తొంభైల మొదట్లో టీవీలో వస్తువులు అమ్మే పొడుగాటి ప్రకటనల్లో కనిపించడం ఆమె పరువుకి దెబ్బ కొట్టింది. 1995లో బ్రిటన్‌లో వార్నర్ వాళ్లకు చేసిన ‘ఇట్స్ ఎ మ్యాన్స్ వరల్డ్’ మంచి ఆల్బమే, కానీ నెమ్మదైన, చీకటి రంగు ఆల్బమ్. అమెరికాలో పెద్దగా కదల్లేదు. 1998 జనవరి 5న మాజీ భర్త సానీ మంచు కొండ మీద స్కీయింగ్ ప్రమాదంలో చనిపోయాడు. ‘బిలీవ్’ ఆల్బమ్‌ని అతనికే అంకితం ఇచ్చింది.

డాన్స్ ఆల్బమ్ చెయ్యమన్న ఆలోచన వార్నర్ బ్రిటన్ అధిపతి రాబ్ డికిన్స్‌ది. షేర్ మొదట ఒప్పుకోలేదు. డాన్స్ సంగీతంలో అసలైన పాటలు ఉండవన్నది ఆమె అభ్యంతరం. ఈ అభ్యంతరాన్ని గుర్తు పెట్టుకోవాలి. ఆల్బమ్ నిలబడ్డానికి సగం కారణం అదే. కింద బీట్ క్లబ్బుదే అయినా పైన చరణం, పల్లవి, వంతెన అన్నీ ఉన్న పాటలే ఎంచుకున్నారు.

పాట చేతికి వచ్చిన తీరు

‘బిలీవ్’కి రచయితలుగా ఆరుగురి పేర్లు ఉంటాయి: బ్రయన్ హిగిన్స్, స్టూవర్ట్ మెక్‌లెనన్, మాథ్యూ గ్రే, టిమొతీ పావెల్, పాల్ బారీ, స్టీవ్ టార్చ్. మొదటి నలుగురి డెమో (నమూనా రికార్డింగు)లో పల్లవి అద్భుతం, మిగతాది నీరసం. డికిన్స్ పల్లవి ఉంచి మిగతాది మార్చమన్నాడు. లండన్ శివారు కింగ్‌స్టన్‌లోని డ్రీమ్‌హౌస్ స్టూడియోలో నిర్మాతలు మార్క్ టేలర్, బ్రయన్ రాలింగ్ దాన్ని తీసుకున్నారు. చరణాలు బారీ, టార్చ్ చేతుల్లో తయారయ్యాయి. రెండో చరణంలో ‘నీకంటే నేనే ఎక్కువేమో’ అన్న భావం వచ్చే చరణపాదాలు షేర్ తానే కలిపింది. స్నానాల తొట్టిలో ఉండగా తట్టాయని చెప్పింది. పేరు మాత్రం వేయించుకోలేదు. అప్పటిదాకా ఏడుపు పాటగా ఉన్నది ఆ రెండు ముక్కలతో నిలబడే పాటయింది.

పాటకి పట్టిన సమయం సుమారు పది రోజులు. గాత్రాన్ని టాస్కామ్ డీఏ-88 డిజిటల్ యంత్రాల మీద పట్టారు. ఒక్కోదానికి ఎనిమిది ట్రాకులు, లోపల తిరిగేది వీడియో కెమెరాల్లో వాడే హై-8 క్యాసెట్టు. ఎడిటింగ్ మ్యాక్ కంప్యూటర్‌లో క్యూబేస్ వీఎస్‌టీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మీద జరిగింది. ఇవాళ ఇంట్లో పెట్టుకునే సెటప్ దీనికంటే పెద్దదే.

పల్లవి ముందు నుంచీ గట్టిది, చరణమే తేలిపోతోంది. ఇంకా బాగా పాడాలని టేలర్, ఇంతకంటే ఏం పాడతానని షేర్, ఇద్దరికీ మాటామాటా పెరిగింది. పాడటంతో తేలని చరణానికి గాత్రం మీద ఏదైనా చెయ్యాలన్న వెతుకులాట అక్కడ మొదలైంది. ఎఫెక్ట్ ఎక్కువగా చరణాల్లో వినిపించి పల్లవిలో దాదాపు తప్పుకోవడానికి కారణం ఇదే. బలహీనమైన చోట చేసిన మరమ్మతు అది. ఇది తెలియకుండా పల్లవి మీద ఎఫెక్ట్ గుమ్మరిస్తే పాటలో ఉన్న ఒక్క బలం కూడా పోతుంది.

అబద్ధంలో ఉన్న పాఠం

1999 ఫిబ్రవరిలో ‘సౌండ్ ఆన్ సౌండ్’ పత్రికకు టేలర్ చెప్పిన వివరణ ఇలా ఉంది: ముందు కోర్గ్ వీసీ-10 వోకోడర్ (గొంతుతో సింథసైజర్‌ని మాట్లాడించే యంత్రం) ప్రయత్నించాం, మాట స్పష్టంగా రాలేదు. తర్వాత డిజిటెక్ టాకర్ అనే పెడల్ వాడాం. నార్డ్ ర్యాక్ సింథ్ నుంచి స్వరాలు ఇచ్చి, వాటిని గాత్రం కంటే ఒక వెంట్రుకవాసి వెనక్కి జరిపాం. అప్పుడే ఆ మెట్ల గుణం వచ్చింది. చాలామంది నమ్మారు, పెడళ్లు కొన్నవాళ్లూ ఉన్నారు. అసలు వాడింది ఏడాది ముందే, 1997లో, వచ్చిన ఆంటారెస్ ఆటో-ట్యూన్. కిటుకు బయటపడకుండా వోకోడర్ కథ చెప్పారు.

చెవితోనే పట్టేయొచ్చు ఈ తేడా. వోకోడర్‌లో స్వరమూ గొంతు రంగూ సింథ్‌వి, మనిషి ఇచ్చేది నోటి కదలిక మాత్రమే. అందుకే ఊపిరి, గొంతులో గరుకు చచ్చిపోతాయి. ‘బిలీవ్’లో గరుకు అలాగే ఉంది, షేర్ గొంతని ఒక్క ముక్కలో తెలుస్తుంది. మారింది శ్రుతి ఒక్కటే.

అయినా ఆ ఇంటర్వ్యూలో యంత్రం పేరు మారింది తప్ప పనితనం అబద్ధం కాదు. ప్రాసెస్ చేసిన ముక్కలు చాలా చిన్నవిగా ఉంచాల్సి వచ్చిందనీ, లేకపోతే మాట అర్థం కాలేదనీ టేలర్ అన్నాడు. పల్లవిలో ‘బిలీవ్’ అన్న మాట మొదటి భాగం, ‘లవ్’ అన్న మాట మొదటి అక్షరం, అంతే. ఇంత లెక్కగా పెట్టారు. గొంతులో వినిపించే టెలిఫోన్ గుణం షేర్ అడిగింది. బ్రిటన్ గాయకుడు రోచ్‌ఫోర్డ్ పాట ఒకటి విని, అలా కావాలంది. డ్రామర్ డీఎస్-404 గేటు అనే స్టూడియో పరికరంలో ఉన్న ఫిల్టర్‌తో పై ధ్వనులూ కింది ధ్వనులూ కోసి తెచ్చానని టేలర్ చెప్పాడు.

కంపెనీ వాళ్లు విని ఎఫెక్ట్ తీసేయమన్నారు. ‘నా శవం మీద’ అన్న ధోరణిలో షేర్ అడ్డం నిలబడింది. 33 ఏళ్లుగా జనం గుర్తుపడుతున్న గొంతును మార్చడానికి అందరికంటే ఎక్కువ పట్టుబట్టింది ఆ గొంతు గల మనిషే కావడం విశేషం.

సున్నా దగ్గర ఏం జరుగుతుంది

ఆటో-ట్యూన్ తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ చమురు అన్వేషణ రంగం నుంచి వచ్చాడు. భూమి లోపలికి పంపిన తరంగాల ప్రతిధ్వనిని చదివే గణితం, ఆటోకోరిలేషన్, ఆయన రోజూ చేసే పని. అదే గణితాన్ని గొంతు మీద పెట్టాడు. ధ్వని తరంగాన్ని దాని పక్కనే కొంచెం జరిపి పోల్చితే ఎంత జరిపినప్పుడు రెండూ సరిగ్గా కూర్చుంటాయో అదే దాని ఆవర్తన కాలం. దాన్నుంచి శ్రుతి తెలుస్తుంది. తర్వాత దగ్గర్లోని స్వరానికి లాగుతుంది. ఎంత నింపాదిగా లాగాలో చెప్పేదే రీట్యూన్ స్పీడ్, మిల్లీసెకన్లలో. సహజంగా ఉండాలంటే 20 నుంచి 50 మధ్య ఎక్కడో మొదలుపెడతాం. సున్నా అంటే జాగు లేదు, జారుతున్న గొంతును కనిపించిన చోటే పక్క స్వరానికి కట్టేస్తుంది.

కాగితం మీద ఒక ఉదాహరణ చేసి చూద్దాం. పాట శ్రుతి ఎఫ్ షార్ప్ మేజర్, వేగం నిమిషానికి 133 బీట్లు. ఒక బీటు 451 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు సుమారు 113. గాయని 277 హెర్ట్జ్‌ల సి షార్ప్ నుంచి 370 హెర్ట్జ్‌ల ఎఫ్ షార్ప్‌కి ఆ పావు బీటులో జారిందనుకోండి. మధ్యలో ఐదు అర్ధస్వరాల దూరం. స్కేల్ (ఏ స్వరాలకు లాగాలో చెప్పే పట్టిక) ‘క్రోమాటిక్’, అంటే పన్నెండు స్వరాలూ, అని పెడితే ఐదు గెంతులు, ఒక్కో మెట్టు మీద నిలిచేది సుమారు 20 మిల్లీసెకన్లు. చెవికి అవి మెట్లుగా అందవు, గరగరలాడిన జారుడులా ఉంటుంది. అదే ఎఫ్ షార్ప్ మేజర్ పెడితే డి షార్ప్, ఈ షార్ప్ మీదుగా మూడు గెంతులు. ఈ షార్ప్ కూడా తీసేస్తే రెండే గెంతులు, ఒక్కోటి పెద్దది, స్పష్టంగా వినిపిస్తుంది. అంటే ఎఫెక్ట్ బలం సున్నాలో కంటే స్కేల్‌లో ఎన్ని స్వరాలు మిగిల్చామన్న దాంట్లో ఎక్కువ ఉంది. స్పీడ్ మీట పట్టుకుని కూర్చునేవాళ్లు చూడనిది ఇదే.

రెండో సంగతి గొంతు. షేర్‌ది కింది స్థాయి గొంతు. ఈ పాటలో 185 హెర్ట్జ్‌ల ఎఫ్ షార్ప్ దాకా దిగుతుంది. పైగా స్వరాన్ని కింద నుంచి తోసుకుంటూ ఎక్కడం ఆమె పాత అలవాటు. మెట్లు పుట్టాలంటే జారుడు ఉండాలి. నిక్కచ్చిగా స్వరం మీదే దిగే గాయనికి సున్నా పెట్టినా ఏమీ వినపడదు, లాగడానికి అక్కడ దూరమే ఉండదు. అందుకే ఈ పని చేసేటప్పుడు బాగా పాడిన టేక్ (ఒకసారి పాడి పట్టిన రికార్డింగు) కంటే కొంచెం జారుతూ పాడిన టేక్ ఎక్కువ పనికొస్తుంది. గాయకులకు ముందే చెప్పి, హెడ్‌ఫోన్‌లో ఎఫెక్ట్ వినిపిస్తూ పాడిస్తే వాళ్లే జారుడు ఎక్కడ పెంచాలో పట్టుకుంటారు. లేటెన్సీ (పాడినదానికీ వినిపించేదానికీ మధ్య ఆలస్యం) ఎక్కువైతే మాత్రం తాళం తప్పుతుంది, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్ 128 శాంపిల్స్ లేదా అంతకంటే తక్కువ పెట్టుకోవాలి.

ఇవాళ చేస్తే

మొదట టేకుల నుంచి మంచి ముక్కలు ఏరి ఒకే ట్రాక్‌గా కలపడం పూర్తి కావాలి. అతుకులు హల్లుల మీదో నిశ్శబ్దంలోనో పడాలి. అచ్చు మధ్యలో అతుకు పడితే ఆటో-ట్యూన్ అక్కడ తికమకపడి టిక్కుమంటుంది. ట్రాక్ పొడిగా ఉండాలి, రివర్బ్ (గది ప్రతిధ్వని) పట్టి ఉండకూడదు. రివర్బ్ తోకలో పాత స్వరం మిగిలి ఉంటుంది కాబట్టి ప్లగిన్‌కి (ఇక్కడ ఆటో-ట్యూన్‌కి) ఒకేసారి రెండు స్వరాలు కనిపిస్తాయి. డబుల్ ట్రాక్‌లు (ఒకే వరసను రెండుసార్లు పాడినవి) రెండూ ఒకే బస్‌లో (ఉమ్మడి ఛానెల్‌లో) కలిపి ట్యూన్ చేయడమూ ఇలాంటి తప్పే.

ఆ ట్రాక్‌కి నకలు తీసి, ఒకటి ఉన్నదున్నట్టు ఉంచి, రెండోదాని మీద ప్లగిన్ పెట్టాలి. రీట్యూన్ సున్నా, దిద్దుబాటును మెత్తబరిచే హ్యూమనైజ్, ఫ్లెక్స్-ట్యూన్ మీటలూ సున్నా. స్కేల్ సరిచూసుకుని, పాట మొత్తం ఒకసారి ఎఫెక్ట్‌తో వినాలి. వింటూ నచ్చిన అక్షరాలకు మార్కర్లు వేసుకోవాలి, మాటలకు కాదు. తర్వాత రెండో ట్రాక్‌ని ఆడియోగా ప్రింట్ చేసేయాలి, అంటే ఎఫెక్ట్‌తో సహా కొత్తగా రికార్డు చేసేయాలి. ఇది చాలామంది వదిలేస్తారు. ప్లేబ్యాక్ మాట మధ్యలో మొదలుపెడితే శ్రుతి పట్టే తీరు ఒక్కోసారి మారుతుంది, నిన్న నచ్చిన మెట్టు ఇవాళ రాదు. ప్రింట్ అయ్యాక మార్కర్ల దగ్గర ముక్కలు ఉంచి మిగతాది కోసేసి, మొదటి ట్రాక్‌లో అదే చోటు మ్యూట్ చేసి, 5 నుంచి 10 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతూ ఇంకోటి పెరగడం) ఇస్తే అతుకు తెలియదు. రెండు ట్రాకులూ ఒకేసారి మోగితే కోరస్ పెడల్ వేసినట్టు అవుతుంది, మెట్లు మాసిపోతాయి.

ఫిల్టర్, కంప్రెసర్, డిలే అన్నీ ట్యూనింగ్ తర్వాతే. అసలు టెలిఫోన్ 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల మధ్యే పలుకుతుంది. పాటలో అంత కోస్తే గొంతు సన్నబడిపోతుంది, కింద 200, పైన 6,000 దగ్గర మొదలుపెట్టి కొంచెం డిస్టార్షన్ కలిపితే చాలు. 133 వేగానికి చుక్క పెట్టిన ఎనిమిదో వంతు (ముప్పావు బీటు) డిలే 338 మిల్లీసెకన్లు.

చెడిపోయే చోట్లలో అన్నిటికంటే మొండిది కంపితం. స్వరం చుట్టూ గొంతు అటు 50 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు), ఇటు 50 సెంట్లు దాటి ఊగిందంటే క్రోమాటిక్‌లో పక్క స్వరం సరిహద్దు దాటినట్టే. అప్పుడు నిలబెట్టిన స్వరం సెకనుకి ఐదారుసార్లు పక్కింటికి వెళ్లొస్తుంది, మేక అరుపులా. ఆ అక్షరం మేరకు పక్క స్వరాన్ని స్కేల్ నుంచి తీసేయడమే మందు. ఇక కింది స్వరాల్లో 185 హెర్ట్జ్ అంటే ఒక ఆవర్తనం 5.4 మిల్లీసెకన్లు. రెండు ఆవర్తనాలు చూస్తే తప్ప ప్లగిన్‌కి నమ్మకం కుదరదు కాబట్టి అక్షరం మొదట్లో ఒక క్షణం గుడ్డిదిగా ఉంటుంది, ఒక్కోసారి స్థాయి తప్పి పట్టుకుంటుంది. ఇన్‌పుట్ టైప్‌లో ఆల్టో-టెనార్ ఎంచుకుంటే తగ్గుతుంది.

తెలుగు పాటకి ఇది వాడేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. తోడిలో గాంధారం ఒకచోట నిలబడేది కాదు, రిషభ మధ్యమాల మధ్య ఊగేది. సున్నా పెడితే ఆ ఊగు తెగి మూడు మేకులు కొట్టినట్టు అవుతుంది. గమకం ఉన్న సంగతిని శుభ్రమైన ట్రాక్‌లో వదిలేసి, సాదాగా మాట పలికే చోట్ల మాత్రమే మెట్లు పెట్టడం మంచిది. తంబురా శ్రుతికి పాడించినప్పుడు అది ప్లగిన్ ప్రమాణంగా తీసుకునే 440 హెర్ట్జ్‌ల లెక్కకి పది పదిహేను సెంట్లు అటూ ఇటూ ఉండొచ్చు. ప్లగిన్‌లో డీట్యూన్ సరిచేయకపోతే పాడిన ప్రతి స్వరమూ తంబురాతో తగాదా పడుతుంది.

మిగతా ఆల్బమ్

1998 అక్టోబరులో వచ్చిన ఈ పది పాటల ఆల్బమ్ ఒక్క కిటుకు మీద నడవదు. మిగతా పాటల్లో కొన్నిచోట్ల అదే గొంతు గెంతు వినిపించినా అంత పదునుగా ఉండదు. నాకు ‘స్ట్రాంగ్ ఇనఫ్’ ఇంకా గట్టి పాట అనిపిస్తుంది: టేలర్, బారీ కలిసి రాసింది, డెబ్భైల డిస్కో తీగవాద్యాల ఒరవడిలో నడుస్తుంది. ‘డొవే లామోరే’లో స్పానిష్ గిటార్, ఇటాలియన్ మాటలు. ‘ది పవర్’ అంతకుముందే ఏమీ గ్రాంట్ పాడింది. ‘టేకిన్ బ్యాక్ మై హార్ట్’ డయాన్ వారెన్ రాసింది. రెండో సగం కొంచెం జారుతుంది, ఒకే బరువు బీటు వరసగా వస్తే చెవి అలిసిపోతుంది.

బ్రిటన్‌లో ‘బిలీవ్’ ఏడు వారాలు నంబర్ వన్‌గా ఉంది. అమెరికాలో 1999 మార్చి 13 నుంచి నాలుగు వారాలు. 1974 మార్చి తర్వాత ఆమెకది మొదటి నంబర్ వన్. మరుసటి ఏడాది ఉత్తమ డాన్స్ రికార్డింగ్ గ్రామీ.

ఆల్బమ్ చివరి పాట ‘వి ఆల్ స్లీప్ అలోన్’. 1987 ఆల్బమ్‌లో జాన్ బాన్ జోవీ, రిచీ సంబోరా, డెస్మండ్ చైల్డ్ రాసిన పవర్ బాలడ్ ఇది, ఇక్కడ క్లబ్ బీటు మీద కొత్తగా వచ్చింది. రెండు రూపాలూ పక్కపక్కన పెట్టి, డ్రమ్స్ వినకుండా గొంతు వరస ఒక్కటే పట్టుకుని వినండి. గిటార్లు పోయి సింథ్‌లు వచ్చాయి గానీ, స్వరాన్ని కింద నుంచి తోసుకుంటూ ఎక్కే ఆ జారుడు రెండిట్లోనూ ఉంది. ‘బిలీవ్’ చరణంలో ఆటో-ట్యూన్‌కి కొరకడానికి దొరికింది దాన్నే.